పళ్ళెంలో చచ్చిన సూక్ష్మజీవి

పోయినేడు వానాకాలంలో మా పెద్దబాపుని హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో చేర్పించాం. మాది కుకునూరుపల్లి. రాజీవ్ రహదారి మీద కరీంనగర్ వైపు వెళ్ళే బస్సెక్కితే ప్రజ్ఞాపూర్ దాటాక, సిద్దిపేట రాకముందు తగులుతుంది. 2016 దాకా మాది మెదక్ జిల్లా, తరవాత సిద్దిపేట జిల్లా. 2022 దాకా కొండపాక మండలం, ఇప్పుడు మా వూరే మండలం. (ఈ జిల్లాల గోల ఎందుకో తరవాత తెలుస్తుంది, కాస్త గుర్తుపెట్టుకోండి.) మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో మొదలయ్యింది, నాలుగు రోజుల్లో రక్తంలోకి పాకింది. ఐసీయూలో పెట్టారు. ఆ తరవాత రెండు రోజులకి కల్చర్ రిపోర్ట్ చేతికొచ్చింది.

ఆ కాగితం చూడగానే నాకు రాత్రి బిల్డ్ ఫెయిలయినప్పుడు పొద్దున్నే వచ్చే మెయిలు గుర్తొచ్చింది. వరసగా మందుల పేర్లు, ఎదురుగా ఒక అంకె, అంకె పక్కన ఒక అక్షరం. ఎస్ అంటే ఆ సూక్ష్మజీవి ఆ మందుకి లొంగుతుంది. ఆర్ అంటే లొంగదు. ఐ అంటే మధ్యరకం. పైన క్లెబ్సియెల్లా న్యుమోనియే అని పేరు. కింద వరసగా ఆర్, ఆర్, ఆర్, ఆర్... అన్నిటికన్నా అడుగున కోలిస్టిన్ దగ్గర మాత్రం ఐ. "ఒక్కదానికైనా ఎస్ లేదా డాక్టర్‌గారూ" అని అడిగితే, ఆయన ఓపిగ్గా చెప్పాడు. కోలిస్టిన్‌కి అసలు ఎస్ అనే గడే లేదట. రిపోర్టులకి ప్రమాణాలు రాసే అమెరికా సంస్థ 2020లో ఆ గడి తీసేసింది. అంటే ఆ మందుకి రాగలిగిన అతి మంచి మార్కు ఐ! "ఇదొక్కటే మిగిలింది సార్, కిడ్నీలు చూసుకుంటూ ఇస్తాం" అన్నాడు.

కోలిస్టిన్ కొత్త మందేమీ కాదు. 1940ల చివర్లో జపాన్‌లో దొరికింది. కిడ్నీలు పాడుచేస్తోందని 1970ల్లో దాదాపు అటకెక్కించేశారు. మిగతావన్నీ పనిచెయ్యటం మానేశాక మళ్ళీ కిందకి దింపారు. సపోర్ట్ ఎప్పుడో ఆగిపోయిన పాత సాఫ్ట్‌వేర్‌ని, ఇంకో దారి లేక, ప్రొడక్షన్‌లో మళ్ళీ నడిపించటం లాంటిది. మా పెద్దబాపు ప్రాణం దాని మీద నడుస్తోంది.

సరిగ్గా ఆ రోజు సాయంత్రమే మా ఇంటి వాట్సాప్ గ్రూపులో మా బావ ఒక వార్త పంపించాడు. "ఆసుపత్రి సూపర్‌బగ్‌ను చంపేసిన నిమ్మగడ్డి నూనె". కింద ఒక ఫొటో, గుండ్రటి గాజు పళ్ళెం, మధ్యలో చిన్న బిళ్ళ, దాని చుట్టూ సూక్ష్మజీవులు పెరగని ఖాళీ వలయం. వెంటనే ఫోన్. "ఏం బామ్మర్దీ, గీ నూనె పెద్దమామకు ఎందుకు ఇయ్యరు? డాక్టరుని అడిగినవా?"

నవ్వటానికి లేదు. ఆ ఫొటో అబద్ధం కాదు. నిమ్మగడ్డి నూనె నిజంగానే ఆ సూక్ష్మజీవుల్ని చంపుతుంది. ఆ రాత్రి ఐసీయూ బయట కుర్చీలో కూచుని, మరి ఎందుకు ఇవ్వరు అన్న ప్రశ్నకి జవాబు వెతకటం మొదలుపెట్టాను. దొరికిన జవాబు నూట నలభై ఏళ్ళ పొడుగుంది.

సుగంధ తైలాల్ని సూక్ష్మజీవుల మీద పరీక్షించటం సూక్ష్మజీవశాస్త్రం పుట్టినప్పట్నుంచీ వుంది. 1881లో రాబర్ట్ కోఖ్ (క్షయ సూక్ష్మజీవిని కనిపెట్టాడే, ఆయనే) క్రిమిసంహారకాల మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. పట్టుదారాలకి ఆంత్రాక్స్ బీజాలు పట్టించి ఎండబెట్టి, రకరకాల ద్రవాల్లో నానబెట్టి, మళ్ళీ మొలుస్తాయో లేదో చూశాడు. ఆ ద్రవాల్లో టర్పెంటైన్ నూనె కూడా వుంది. 1887లో పాశ్చర్ శిష్యుడు షార్ల్ షాంబర్లాఁ ఇంకో అడుగు ముందుకేసి, పదుల కొద్దీ మొక్కల తైలాల్ని ఆంత్రాక్స్ మీద ప్రయోగించాడు. దాల్చినచెక్క నూనె, ఒరెగానో నూనె ముందు వరసలో నిలిచాయి. ఈ షాంబర్లాఁయే ఆసుపత్రుల్లో పరికరాల్ని ఆవిరి ఒత్తిడితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ తయారుచేశాడు. ఆయన చేసిన రెండు పనుల్లో ఏది ఎక్కువ ప్రాణాలు కాపాడిందో చెప్పక్కర్లేదు. కానీ ఆటోక్లేవ్ ఫొటో ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు :-)

ఈ కథలో మనకి బాగా దగ్గరిది వాము. మా అవ్వ కడుపునొప్పి అంటే వామునీళ్ళు తాగించేది. మీ ఇంట్లోనూ అంతే అయ్యుంటుంది. వాము నూనె చల్లబరిస్తే గడ్డకట్టే తెల్లటి పలుకుల్ని మన బజార్లలో వాము పువ్వు అంటారు. రసాయనశాస్త్రంలో దాని పేరు థైమాల్. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన దేశం నుంచి వాము బస్తాలు బస్తాలుగా జర్మనీకి పోయేది, అక్కడ థైమాల్ తీసి ప్రపంచమంతా అమ్మేవాళ్ళు. 1914లో యుద్ధం రాగానే ఆ దారి మూసుకుపోయింది. అప్పుడుగానీ ఇక్కడే బట్టీ పెట్టి తీసుకోవచ్చు కదా అన్న ఆలోచన మన ప్రభుత్వానికి గట్టిగా రాలేదు. మరి అంత థైమాల్ ఎందుకు? ఆ రోజుల్లో కొంకిపురుగులకి అదే మందు. 1909లో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో రాక్‌ఫెల్లర్ డబ్బుతో మొదలైన కొంకిపురుగుల నిర్మూలన కార్యక్రమం నడిచింది థైమాల్ మీదే. అంటే ఒక సుగంధ తైలంలోని సరుకు నిజంగానే మందుగా, లక్షల మంది మీద పనిచేసింది. అయితే ఒక్క ముక్క గమనించండి. పురుగు వున్నది పేగులో, మందు చేరింది పేగుకి. రక్తంలోకి ఎక్కువగా పోతే మనిషికే ప్రమాదం కాబట్టి, మందు వేసుకున్నరోజు నూనె, కల్లు, సారా ముట్టొద్దనేవాళ్ళు, అవి థైమాల్‌ని కరిగించి వొంటికి పట్టిస్తాయని.

అదే వాము పువ్వు మన హైదరాబాద్‌లోనూ సీసాకెక్కింది. 1920లో హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ మొదలుపెట్టిన జిందా తిలిస్మాత్ తెలియని తెలంగాణ ఇల్లుంటుందా? ఎక్కువ భాగం నీలగిరి తైలం, దాంట్లో కర్పూరం, పిప్పరమెంటు పువ్వు, వాము పువ్వు. అమెరికా వాళ్ళు 1879లో శస్త్రచికిత్సల కోసం తయారుచేసి, తరవాత నోరు పుక్కిలించటానికి అమ్ముకున్న లిస్టరీన్ సీసా వెనక చదవండి. థైమాల్, మెంథాల్, నీలగిరి తైలంలోని సరుకు అందులోనూ వుంటాయి. రెండూ దూరపు చుట్టాలే. మా పెద్దబాపు జేబులో ఎప్పుడూ చిన్న తిలిస్మాత్ సీసా వుండేది. ఆ కారఖానా అంబర్‌పేటలో వుంది. ఈ అంబర్‌పేట పేరు కూడా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1903లో రిడీల్, వాకర్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు ఒక కొలబద్ద తయారుచేశారు. టైఫాయిడ్ సూక్ష్మజీవిని చంపటంలో ఫలానా పదార్థం కార్బాలిక్ ఆమ్లం కంటే ఎన్ని రెట్లు గట్టిది అని చెప్పే అంకె. మన భాషలో చెప్పాలంటే మొదటి బెంచ్‌మార్క్. బెంచ్‌మార్క్ వచ్చాక ఇంకేముంది, అందరూ తమ తమ నూనెలకి మార్కులు వేయించుకున్నారు. ఆస్ట్రేలియాలో ఆర్థర్ పెన్‌ఫోల్డ్ 1920ల్లో టీ ట్రీ అనే చెట్టు నూనె కార్బాలిక్ ఆమ్లం కంటే పదిరెట్లకు పైగా గట్టిదని తేల్చాడు. (టీ అని పేరుందిగానీ మనం తాగే టీకీ దానికీ సంబంధం లేదు.) ఫ్రాన్స్‌లో గాటెఫోస్సే అనే అత్తరు వ్యాపారి 1937లో ఏకంగా అరోమాథెరపీ పేరుతో పుస్తకమే రాశాడు. ఇంకొన్నాళ్ళకి యాంటీబయాటిక్‌లు రంగంలోకి దిగాయి, నూనెలన్నీ మళ్ళీ సబ్బుల్లోకి, అత్తర్లలోకి వెళ్ళిపోయాయి. మన దేశంలో మాత్రం పరీక్షలు పూర్తిగా ఆగలేదు. 1970లో కూడా నరసింహారావు, నిగమ్ కొన్ని తైలాల మీద చేసిన పరీక్షల ఫలితాలు అచ్చయ్యాయి.

ఇక్కడ మన యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, ఖద్దరు కట్టినందుకు పూర్తి డిగ్రీ దక్కక, మద్రాసులోనే ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పిన మనిషి. అంటే మూలికలంటే తెలియనివాడూ కాదు, చులకన వున్నవాడూ కాదు. 1920ల్లో హార్వర్డ్ వెళ్ళాడు, 1940లో లెడర్లీ కంపెనీలో చేరి పరిశోధనలకి పెద్ద అయ్యాడు. ఆయన దగ్గర పనిచేసిన బెంజమిన్ డగ్గర్ అనే ముసలాయన (డెబ్భై దాటి రిటైరయ్యాక ఉద్యోగంలోకి తీసుకున్నారు!) ఎక్కడెక్కడి మట్టో తెప్పించి, అందులోని సూక్ష్మజీవుల్ని పళ్ళేల్లో పెంచి, ఏది ఇంకో సూక్ష్మజీవిని చంపుతుందో చూస్తూ కూచున్నాడు. మిస్సోరీలోని ఒక పొలం మట్టిలోంచి వచ్చిన ఎ-377 నమూనా చుట్టూ ఖాళీ వలయం కనపడింది. అదే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో పెద్దక్క. 1948లో లోకానికి చెప్పారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు పోయారు.

పళ్ళెం అదే. వలయం అదే. బావ పంపిన ఫొటోలో వున్నదే డగ్గర్ కూడా చూశాడు. మరి ఒకటి మందయ్యింది, ఇంకోటి నూట నలభై ఏళ్ళుగా ఫొటోగానే ఎందుకు మిగిలింది?

దీనికి జవాబు అంకెల్లో వుంది. ఇంకా చెప్పాలంటే యూనిట్లలో. మనలో ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మిల్లీసెకన్లని సెకన్లనుకుని ప్రొడక్షన్‌ని పడుకోబెట్టే వుంటారు (నేను పడుకోబెట్టాను). ఇదీ అలాంటిదే. కల్చర్ రిపోర్ట్‌లో మందు పేరు ఎదురుగా వుండే అంకె, సూక్ష్మజీవిని ఆపటానికి ఒక మిల్లీలీటరులో ఎన్ని మైక్రోగ్రాములు కావాలో చెబుతుంది. క్లెబ్సియెల్లా లాంటి వాటికి మెరోపెనెం 1 లేదా అంతకన్నా తక్కువలో ఆపగలిగితే ఎస్, 4 లేదా ఆపైన కావాల్సివస్తే ఆర్. అంటే నాలుగు మైక్రోగ్రాములు కావాల్సొస్తేనే ఆ మందు పనికిరాదని పక్కన పెట్టేస్తారు. ఇప్పుడు నూనెల పరీక్షలు చూడండి. వాటిల్లో మైక్రోగ్రాములు వుండవు, శాతాలు వుంటాయి. 1995లో ఆస్ట్రేలియాలో కార్సన్ బృందం టీ ట్రీ నూనెని ఎమ్మార్సే మీద పరీక్షించింది. ఎమ్మార్సే అంటే మెథిసిలిన్‌కి లొంగని స్టఫైలోకాకస్, 1961లో ఇంగ్లండులో మొదటిసారి పట్టుబడ్డ ఆసుపత్రి దొంగ. ఆపటానికి 0.25 శాతం, చంపటానికి 0.5 శాతం నూనె సరిపోయింది. పావు శాతం! ఎంత తక్కువో కదా అనిపిస్తుంది. లెక్క కట్టండి. నీటికన్నా కాస్త తేలికైన నూనె పావు శాతం అంటే మిల్లీలీటరుకి రెండువేల మైక్రోగ్రాముల పైమాటే. నాలుగు దాటితే పనికిరాదన్న చోట, రెండువేలు.

1999లో అదే బృందం 52 రకాల మొక్కల నూనెలు, సారాల్ని పది రకాల సూక్ష్మజీవుల మీద పరీక్షించింది. పదింటినీ ఆపగలిగినవి మూడే, నిమ్మగడ్డి, ఒరెగానో, బే. అందులో మన నిమ్మగడ్డి వుండటం సంతోషమే. కానీ అది 2 శాతం లోపు. మొండి సూక్ష్మజీవులకి ఆ గీత దగ్గరదాకా పోవాల్సొస్తుంది. మనిషి వొంట్లో సుమారు అయిదు లీటర్ల రక్తం. పావు శాతమే చాలనుకున్నా పన్నెండున్నర మిల్లీలీటర్ల నూనె నేరుగా రక్తంలో వుండాలి. నీలగిరి తైలం కొద్ది మిల్లీలీటర్లు మింగిన చిన్నపిల్లలకే ఫిట్స్ వస్తాయి. బావ అడిగినదానికి ఒక్క వాక్యంలో జవాబు ఇదీ. క్లెబ్సియెల్లా కంటే ముందు పెద్దబాపు పోతాడు.

ఇంకో చిక్కు ఆ ఫొటోలో కనపడే వలయంతోనే వుంది. నూనె నీళ్ళలో కలవదు. పళ్ళెంలో వుండే అగర్ అంతా నీళ్ళే. బిళ్ళలోంచి నూనె అగర్‌లోకి సరిగ్గా పాకదు, పైనుంచి ఆవిరై పోతుంది. అందుకని వలయం పెద్దదా చిన్నదా అన్నది నూనె బలం కన్నా అది ఎంత పాకింది అన్నదాని మీద ఆధారపడుతుంది. సరే కలుపుదామని ట్వీన్ 80 లాంటి ఎమల్సిఫయర్ పోస్తే, అది కూడా ఫలితాన్ని కదిలిస్తుంది. ఒక ల్యాబ్‌లో వచ్చిన అంకె ఇంకో ల్యాబ్‌లో రాదు. పైగా గడ్డి ఏ నెలలో కోశారు, ఏ నేలలో పెరిగింది, బట్టీలో ఎంతసేపు వుంచారు అన్నదాన్ని బట్టి నూనె కూడా మారిపోతుంది. నా మెషీన్ మీద పనిచేస్తోంది కదా అనే మన పాత పాట వాళ్ళకీ వుందన్నమాట.

అలాగని ఎవరూ పళ్ళెం దాటి పోలేదని కాదు. దాటారు, ఆ కథ ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు అంతే. వొంటిలోపలికి వద్దు, చర్మం మీద రాద్దాం అనుకున్నారు. ఇది తెలివైన ఆలోచన, చర్మం మీద అయితే 5, 10 శాతం నూనె పెట్టినా పెద్ద ప్రమాదం లేదు. 2004లో ఇంగ్లండులో డ్రైడెన్ బృందం ఎమ్మార్సే మోస్తున్న రోగుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి టీ ట్రీ క్రీము, సబ్బు, ఇంకో గుంపుకి మామూలుగా వాడే మందులు ఇచ్చింది. టీ ట్రీ గుంపులో 41 శాతం మందికి పోయింది, మామూలు మందుల గుంపులో 49 శాతానికి. మొత్తం మీద పెద్ద తేడా లేదు, కానీ ముక్కులోంచి తరమటంలో మాత్రం మ్యుపిరోసిన్ అనే పూతమందు 78 శాతంతో బాగా ముందుంది, టీ ట్రీ 47 దగ్గర ఆగింది. 2013లో ఉత్తర ఐర్లండులో ఐసీయూ రోగులకి రోజూ టీ ట్రీ కలిపిన ద్రవంతో వొళ్ళు తుడిచారు, పోల్చటానికి ఇంకొందరికి మామూలు బేబీ సబ్బుతో. కొత్తగా ఎమ్మార్సే అంటుకోవటంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఈ రెండు పరీక్షలు చేసినవాళ్ళంటే నాకు చాలా గౌరవం. వలయం ఫొటోలు వేల కొద్దీ వున్నాయి. మనుషుల మీద, పోలికతో, ఓపిగ్గా చేసి, పెద్దగా తేడా లేదు అని ఒప్పుకుని అచ్చేసినవి వేళ్ళమీద లెక్కపెట్టచ్చు.

ఇప్పుడు మొదట్లో గుర్తుపెట్టుకోమన్న జిల్లా సంగతి. పటాన్‌చెరు కూడా మా పాత మెదక్ జిల్లానే (ఇప్పుడు సంగారెడ్డి). 1960ల్లో బాలానగర్‌లో ఐడీపీఎల్ పెట్టాక హైదరాబాద్ చుట్టూ మందుల పరిశ్రమ ఎలా పెరిగిందో, ప్రపంచానికి చవగ్గా మందులు ఎలా ఇచ్చిందో మనకి తెలిసిందే, గర్వపడాల్సిందే. ఆ ఫ్యాక్టరీల నీళ్ళు ఎక్కడికి పోయాయన్నది ఇంకో కథ. పటాన్‌చెరులో డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారు 1980ల నుంచి ఆ నీళ్ళ మీద పోరాడారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది, అక్కడ్నుంచి హైకోర్టుకి, అక్కడ్నుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కి తిరిగి తిరిగి 2017 దాకా నడిచింది.

2007లో స్వీడన్‌కి చెందిన జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాల్ని శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళని పరీక్షించి ఫలితాలు ప్రకటించింది. గమనించండి, శుద్ధి చేశాక వచ్చే నీళ్ళు. అందులో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా వుంది. యూనిట్లు మారిస్తే మిల్లీలీటరుకి 31 మైక్రోగ్రాములు. ఆ మందు బిళ్ళ వేసుకున్న రోగి రక్తంలో వుండేదానికన్నా ఎక్కువ! రోజుకి 40 కిలోల పైన సిప్రో ఆ కాలవలో పోతోందని, అది స్వీడన్ దేశం మొత్తం అయిదు రోజులు వాడేదానితో సమానమని వాళ్ళు లెక్కకట్టారు. ఇసుకవాగు, నక్కవాగు, మంజీర... దారి మనకి తెలుసు.

ఒక్కసారి బావ పంపిన ఫొటో గుర్తుచేసుకోండి. నిమ్మగడ్డి నూనె బదులు ఆ కాలవ నీళ్ళ చుక్క బిళ్ళ మీద వేసి పళ్ళెంలో పెట్టి వుంటే, సిప్రోకి లొంగే ఏ సూక్ష్మజీవి అయినా చుట్టూ చక్కటి వలయం వదిలేది, మన నూనె కన్నా అందంగా. పళ్ళెం చెప్పేది అంతవరకే, ఇక్కడ ఏదో చంపుతోంది అని. చావకుండా మిగిలినవాటి గురించి అది చెప్పదు. అవి ఎక్కడున్నాయో 2013లో మరాఠే బృందం చెప్పింది. అదే పటాన్‌చెరు ప్లాంటులో పట్టిన సూక్ష్మజీవుల్ని 39 యాంటీబయాటిక్‌లతో పరీక్షిస్తే, వాటిల్లో 86 శాతం ఇరవై లేదా అంతకన్నా ఎక్కువ మందులకి లొంగలేదు. ఆర్, ఆర్, ఆర్, ఆర్. ఐసీయూలో నేను చూసిన కాగితం లాంటిదే. మా పెద్దబాపు రక్తంలోది అక్కడ్నుంచే వచ్చిందని నేననటం లేదు. అలా గీత గియ్యటానికి ఎవరికీ ఆధారం లేదు, మందుల షాపులో చీటీ లేకుండా కొన్న బిళ్ళలు, సగంలో ఆపేసిన కోర్సులు, కడుక్కోని చేతులు, కోళ్ళ దాణా అన్నీ కలిసిన పాపం ఇది. కోళ్ళ దాణాలో కోలిస్టిన్ కలపటాన్ని మన ప్రభుత్వం నిషేధించింది 2019 జులైలో. అవును, అదే కోలిస్టిన్, పెద్దబాపుకి మిగిలిన ఆఖరిది.

తరవాత పటాన్‌చెరు నీళ్ళకి గొట్టం వేసి హైదరాబాద్‌లో మురుగునీటి శుద్ధి కేంద్రానికి కలిపారు. ఆ కేంద్రం ఎక్కడుందో చెప్పుకోండి చూద్దాం. అంబర్‌పేట. తిలిస్మాత్ పేటలోకే సిప్రో కూడా చేరింది. 2020 జనవరిలో కేంద్రం మందుల ఫ్యాక్టరీల నీళ్ళలో ఏ యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో అంకెలతో సహా ముసాయిదా నియమాలు తెచ్చింది. సంతోషించేలోపే 2021 ఆగస్టులో వచ్చిన అసలు నియమాల్లో ఆ అంకెలు మాయమయ్యాయి. స్పెక్‌లో వున్న ఫీచర్ రిలీజ్‌లో ఎగిరిపోవటం మనం ఎన్నిసార్లు చూడలేదు! కానీ దీని బగ్ రిపోర్టులు వేరేచోట తేలతాయి. 2019లో మందులకి లొంగని సూక్ష్మజీవుల వల్లే నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని 2022లో లాన్సెట్ అంచనా వేసింది.

నూనెల్ని పూర్తిగా కొట్టిపారేస్తే కూడా తప్పే. నాకు ఆశ కనపడింది ఇంకోచోట. లొంగని సూక్ష్మజీవులు చాలావాటికి ఒక పంపు వుంటుంది, లోపలికొచ్చిన మందుని వచ్చింది వచ్చినట్టే బయటికి తోడేస్తుంది, సెల్లార్‌లో నీళ్ళు తోడే మోటారులాగా. 2009లో ఫ్రాన్స్ పరిశోధకులు కోర్సికా దీవి మొక్కల నూనెలో వున్న జెరానియాల్ అనే పదార్థం ఆ పంపుని అడ్డుకుని, పనిచెయ్యని యాంటీబయాటిక్‌కి మళ్ళీ పని కల్పిస్తోందని చూపించారు. చంపేది నూనె కాదు, నూనె మోటారు ఆపుతుంది, మందు చంపుతుంది. జెరానియాల్ దండిగా వుండేది పామరోజా గడ్డి నూనెలో. నిమ్మగడ్డికి తోబుట్టువు, మన మెట్ట నేలల్లో బాగా పెరుగుతుంది. గులాబీ వాసన వేస్తుంది కాబట్టి ఒకప్పుడు బొంబాయి నుంచి టర్కీకి పోయి అక్కడ అసలు గులాబీ అత్తరులో కల్తీగా కలిసేది! హైదరాబాద్ శివార్లలో బోడుప్పల్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీమాప్ పరిశోధనా కేంద్రం వుంది, ఇలాంటి గడ్డి పంటల మీదే దాని పని. జెరానియాల్ కూడా ఇంకా పళ్ళెం దశ దాటలేదు, మైక్రోగ్రాముల లెక్క దానికీ తప్పదు. కానీ ఒక పదార్థం, ఒక యంత్రాంగం, ఒక అంకె చేతిలో వున్నాయి. సుబ్బారావుగారి బల్ల మీదకి ఈ నమూనా వచ్చి వుంటే చెత్తబుట్టలో వేసేవాడు కాదనుకుంటా.

నూనెలకి దొరికిన అసలు ఉద్యోగం మాత్రం వేరే. 2006 జనవరి 1 నుంచి యూరప్‌లో పశువుల, కోళ్ళ దాణాలో పెరుగుదల కోసం యాంటీబయాటిక్ కలపటం పూర్తిగా ఆపేశారు. ఆ ఖాళీలోకి థైమాల్, ఒరెగానో నూనెలు దూరాయి. కోడి పేగులోకి పోవాలి, రక్తంలోకి కాదు. కొంకిపురుగుల నాటి కథే మళ్ళీ. ఒక కోడికి యాంటీబయాటిక్ తగ్గితే ఆ మేరకి ఒక ఐసీయూలో ఒక ఆర్ తగ్గచ్చు. దీనికి ఫొటో తియ్యటం కష్టం.

పెద్దబాపు అయిదు వారాలకి ఇంటికొచ్చాడు. సగం అయ్యాడు మనిషి. నెలకోసారి క్రియాటినిన్ పరీక్ష, వూళ్ళోంచి సిద్దిపేటకి తీసుకెళ్ళాలి. జేబులో మళ్ళీ తిలిస్మాత్ సీసా చేరింది, రుమాలు మీద రెండు చుక్కలు వేసుకుని వాసన చూస్తాడు, నేనేమీ అనలేదు. బావకి ఈ లెక్కలన్నీ ఓ ఆదివారం కూచోబెట్టి చెప్పాను. అంతా విని, "అయితే సబ్బుల కంపెనీలోళ్ళు కొంటరా?" అన్నాడు. కొంటారన్నాను. ఈ ఏడు వానలకి వొడ్డు మీద పది గుంటలు నిమ్మగడ్డి నాటాడు. గడ్డి మొలకాళ్ళెత్తు వచ్చింది. దగ్గర్లో బట్టీ ఎక్కడుందో కనుక్కోమని నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు.